కొనుక్కున్న సర్టిఫికెట్‌తో సిమెంటింగ్ రాదు

చివరి ఏడాది పిల్లలు ఈ మధ్య వరసపెట్టి ఒకటే అడుగుతున్నారు. "అన్నా, ద్వారకానగర్‌లో ఆయిల్ ఫీల్డ్ కోర్సు చేస్తే సిమెంటింగ్ ఇంజినీర్ ఉద్యోగం గ్యారంటీ అంటున్నారు, చేరమంటారా?" చేరొద్దు. (సిమెంటింగ్ అంటే, ఆయిల్ బావిలో దించిన ఉక్కు గొట్టం చుట్టూ సిమెంట్ నింపే పని.) అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నా.

ఆ కోర్సుల్లో చివరికి చేతికొచ్చేది ఏంటో అడిగి చూడండి. సముద్రంలో ప్రాణరక్షణ శిక్షణ సర్టిఫికెట్ ఒకటి, వెల్ కంట్రోల్ (బావి అదుపు తప్పి తన్నుకు రాకుండా ఆపడం) సర్టిఫికెట్ ఒకటి, హెల్మెట్ పెట్టుకుని దిగిన ఫొటోలు. అవి పనికిరావని నేననను. సముద్రంలో రిగ్ (బావి తవ్వే వేదిక) మీద పనికి వెళ్ళాలంటే మొదటిది వంటవాడికైనా తప్పదు. కానీ ఉద్యోగం ఇచ్చాక మామూలుగా సర్వీస్ కంపెనీయే (ఆయిల్ కంపెనీలకి ఇలాంటి పనులు చేసిపెట్టేది) తన ఖర్చుతో ఇవన్నీ చేయిస్తుంది. వెల్ కంట్రోల్ సర్టిఫికెట్ గడువు 2 ఏళ్ళు. నాన్న అప్పు చేసి ముందే కొనిపెడితే, ఇంటర్వ్యూ పిలుపు వచ్చేలోపే అది చెల్లకుండా పోవచ్చు. నాకు తెలిసిన కుర్రాడికి సరిగ్గా ఇదే జరిగింది. ఆ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు ఇప్పుడు ఫోన్ ఎత్తరు.

విశాఖ వాళ్ళకి ఇంకో చిక్కుంది. మనకి ఆయిల్ అంటే మల్కాపురం రిఫైనరీ. షిఫ్టు, క్వార్టరు, కంపెనీ బస్సు, ఇదీ ఇళ్ళల్లో ఉన్న బొమ్మ. బావులు ఉన్నదేమో కోనసీమ వైపు, కృష్ణా వైపు, కాకినాడకి అవతల సముద్రంలో. 2009లో కృష్ణా-గోదావరి (కేజీ) బేసిన్ సముద్రంలోని డి6 బ్లాక్ నుంచి గ్యాస్ వచ్చినా, 2024 జనవరిలో ఓఎన్జీసీ లోతు సముద్రం నుంచి ఆయిల్ తీసినా, ఆ బావుల్లో ఉక్కు గొట్టం దించిన ప్రతిసారీ ఎవరో ఒకరు సిమెంట్ చేశాకే ముందుకెళ్ళారు. ఆ మనిషి గురించి ఎవరూ చెప్పరు. మా గాజువాక బాబాయి అయితే "సిమెంటు కలపడానికి బీటెక్ ఏటిరా, తాపీ మేస్త్రీ కలపట్లేదా?" అంటాడు. మేస్త్రీకి గోడ కనిపిస్తుంది బాబాయ్, బాగోకపోతే పడగొట్టి మళ్ళీ కడతాడు. నాకు ఆ రెండూ లేవు.

పని చెప్పడానికి తేలికే. తవ్విన బావిలోకి ఉక్కు గొట్టం, అంటే కేసింగ్, దించుతారు. ఆ గొట్టానికీ రాతికీ మధ్య మిగిలిన సందు యాన్యులస్. స్లర్రీని, అంటే నీళ్ళలో కలిపిన సిమెంట్‌ని, గొట్టం లోపలి నుంచి కిందికి పంపి, అడుగున షూ (గొట్టం చివరి ముక్క) దాటించి, బయటి సందులో పైకి తేవాలి. స్లర్రీ వేరే ద్రవంతో కలవకుండా దాని ముందు బాటమ్ ప్లగ్, వెనక టాప్ ప్లగ్ అనే బిరడాలు పోతాయి. 1910 ప్రాంతంలో కాలిఫోర్నియాలో పెర్కిన్స్ అనే ఆయన మొదలుపెట్టిన ఈ రెండు ప్లగ్‌ల పద్ధతే ఇప్పటికీ నడుస్తోంది. టాప్ ప్లగ్ ఫ్లోట్ కాలర్ (షూకి కాస్త పైన ఉండే వాల్వు ముక్క) దగ్గర కూర్చుంటే గేజ్ మీద ప్రెషర్ ఒక్కసారిగా లేస్తుంది. ప్లగ్ బంప్ అయిందంటాం. కిలోమీటర్ల లోతులో ఏం జరిగిందో మనకి తెలిసేది ఆ గేజ్ వల్ల, సందులోంచి పైకొచ్చే ద్రవం, అంటే రిటర్న్స్ వల్ల, ముందు రోజు వేసుకున్న లెక్క వల్ల. అంతే.

అందుకే ముందు చేత్తో లెక్క రావాలి. 12¼ అంగుళాల బావిలో 9⅝ అంగుళాల కేసింగ్ అనుకోండి. 1000 అడుగుల యాన్యులస్‌కి సుమారు 56 బారెళ్ళ స్లర్రీ పడుతుంది. మామూలు క్లాస్ జి (ఆయిల్ బావులకి వాడే రకం) సిమెంట్‌తో ఒక శాక్‌కి 1.15 ఘనపుటడుగుల స్లర్రీ వస్తుంది కాబట్టి 270 శాక్‌ల పైచిలుకు. ఇక్కడే మనవాళ్ళు బోల్తా పడతారు. పుస్తకంలో శాక్ అంటే 94 పౌండ్లు, దాదాపు 43 కిలోలు. మన బస్తా 50 కిలోలు. సాఫ్ట్‌వేర్ నేర్చుకున్నవాడు ఈ తేడా అడగనే అడగడు, ఎందుకంటే సాఫ్ట్‌వేర్ తనని అడగలేదు. పైగా బావి ఎక్కడా సరిగ్గా 12¼ ఉండదు. కేలిపర్ లాగ్ (బావి వెడల్పు కొలిచిన రికార్డు) చూసి ఎక్సెస్, అంటే అదనపు స్లర్రీ, ఎంతో తేల్చుకోవాలి.

రెండోది ల్యాబ్. అసలు ఇంజినీరింగ్ అంతా అక్కడే ఉందని నా అభిప్రాయం. స్లర్రీ ఎంతసేపు పంపు అయ్యేలా ఉంటుందో కన్సిస్టోమీటర్‌లో, బావిలో ఉండే వేడి, ఒత్తిడి పెట్టి చూస్తారు. చిక్కదనం 100 బేర్డెన్ యూనిట్లకి చేరితే ఇక కదలదన్నట్టే. తొందరగా గట్టిపడితే గొట్టంలోనే రాయై కూర్చుంటుంది. మరీ ఆలస్యమైతే గట్టిపడుతున్న సిమెంట్‌లోంచే గ్యాస్ దారి చేసుకుంటుంది. 110 డిగ్రీలు దాటే బావుల్లో సిలికా పొడి 35 శాతం దాకా కలపకపోతే, మొదట బాగా గట్టిపడిన సిమెంటే తర్వాత బలం కోల్పోతుంది. వేడి బావులకి కొదవలేని కేజీ బేసిన్‌లో ఇది పరీక్ష కోసం చదివే విషయం కాదు. టెస్ట్ కూడా రిగ్ మీదున్న నీళ్ళతో, రిగ్‌కి వెళ్ళే సిమెంట్‌తోనే చెయ్యాలి. ల్యాబ్ కుళాయి నీళ్ళతో చేసిన రిపోర్ట్‌ని నేను నమ్మను. (రిగ్ మీద పంచదార బస్తాలు ఎందుకని కొత్తవాళ్ళు నవ్వుతారు. టీకి కాదు. అక్కర్లేనిచోట మిగిలిన సిమెంట్ గట్టిపడకుండా ఆపేది అదే.)

ఇదంతా చాదస్తం అనుకునేవాళ్ళు మోంటారా గురించి చదవండి. 2009 ఆగస్టు 21న ఆస్ట్రేలియాకి ఉత్తరాన సముద్రంలో ఆ బావి బద్దలై పది వారాలకు పైగా ఆయిల్ కక్కింది. మూలం అంతకు నెలల ముందు చేసిన 9⅝ కేసింగ్ సిమెంటింగ్‌లో ఉందని విచారణలో తేలింది. పంపిన ద్రవం వెనక్కి రాకుండా ఆపాల్సిన అడుగు ఫ్లోట్ వాల్వులు ఆగలేదు, కొన్ని బారెళ్ళు వెనక్కి వచ్చాయి. వచ్చిన ద్రవాన్ని మళ్ళీ లోపలికి పంపు చేసేశారు. దాంతో షూ దగ్గర ఉండాల్సిన సిమెంట్ దెబ్బతింది. కాగితం మీద పది నిమిషాల లెక్క వేస్తే తెలిసిపోయే విషయమది. మెకాండో గురించి చాలామందికి తెలుసు, 2010లో గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో ఆ బావి పేలి 11 మంది పోయారు, అక్కడా సిమెంట్ ఆగలేదు. నాకు మోంటారాయే ఎక్కువ భయం. ఎందుకంటే అలాంటి రాత్రి ఏ మామూలు రిగ్ మీదైనా రావచ్చు.

కాలేజీల మీద నా కోపం వేరే. 2016 నుంచి మన ఊళ్ళోనే పెట్రోలియం కోసం ఐఐపీఈ ఉంది, ఆంధ్రా యూనివర్సిటీ ఉంది. అయినా నన్ను అడిగే పిల్లల్లో చాలామందికి సిమెంటింగ్ అంటే డ్రిల్లింగ్ పేపర్‌లో ఒక చాప్టర్, రెండు పదిమార్కుల ప్రశ్నలు. ఇండస్ట్రియల్ టూర్ అంటే మళ్ళీ రిఫైనరీయే. రాజమండ్రి, కాకినాడ వైపు సర్వీస్ కంపెనీల యార్డులున్నాయి. ఒక సెలవులంతా బల్క్ ప్లాంట్ (పొడి సిమెంట్ నిల్వచేసి కలిపే చోటు) దుమ్ములో నిలబెట్టండి పిల్లల్ని. పంపు శబ్దం విని "ప్రెషర్ ఎక్కుతోంది సార్" అనే డిప్లొమా ఆపరేటర్ పక్కన కూర్చుని చిక్సాన్ లైను (ఎక్కువ ప్రెషర్ తట్టుకునే పంపు గొట్టాలు) కలపడం, టెస్ట్ చెయ్యడం చూడనివ్వండి. ఆయన్ని "గురువుగారూ" అనడానికి నామోషీ పడేవాడు ఈ ఫీల్డ్‌కి రాకపోవడమే మేలు.

మెకానికల్, కెమికల్ వాళ్ళు కూడా రావచ్చు. డబ్బు బాగానే ఉంటుంది, ఆయిల్ ధర పడినప్పుడు ముందు తీసేసేదీ మనల్నే. రెండూ తెలిసే రండి.

ఇక రెజ్యూమేలు పంపొద్దు. ఇది చేసి పంపండి: 8½ అంగుళాల బావి, 7 అంగుళాల కేసింగ్, 1500 అడుగుల యాన్యులస్, 20 శాతం ఎక్సెస్, మామూలు క్లాస్ జి. ఎన్ని బారెళ్ళు, మన 50 కిలోల బస్తాలు ఎన్ని? చేత్తో వేసిన కాగితం ఫొటో కావాలి, ఎక్సెల్ షీట్ కాదు.