పర్సంటేజీ పిల్లాడిది, చాకిరీ అమ్మది

వైకల్య శాతం తేల్చి సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంపు నాడు హైదరాబాద్‌లో ఏ ప్రభుత్వాసుపత్రికి వెళ్లినా వినిపించేది ఒకటే ప్రశ్న: 'ఎంత పర్సంటేజీ వచ్చింది?' సాధారణంగా 40 వస్తే పింఛను, బస్‌పాసు. రాకపోతే మళ్లీ ఆఫీసుల చుట్టూ ప్రదక్షిణలు. ఆ బిడ్డకు అన్నం ఎవరు తినిపిస్తున్నారు, రాత్రి ఎన్నిసార్లు పక్కకు తిప్పి పడుకోబెట్టాలి అని అడిగే నాథుడు లేడు.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం వైకల్యాల జాబితాను 7 నుంచి 21కి పెంచిందని అందరూ చెబుతారు. అందులోని 38వ సెక్షన్ ఊసు మాత్రం ఎవరూ ఎత్తరు. 40 శాతం వైకల్యం ఉన్నవారెవరైనా, లేదా వారి తరఫున ఇంకొకరు, తమకు అధిక తోడ్పాటు కావాలని దరఖాస్తు పెట్టుకోవచ్చు. అసెస్‌మెంట్ బోర్డు పరిశీలించి ఎలాంటి సాయం కావాలో తేల్చాలి, ప్రభుత్వం అందించాలి. సంరక్షకుల భత్యం మాట 24వ సెక్షన్‌లో ఉంది. మెలికలూ ఉన్నాయి లెండి: ఒకచోట 'ఆర్థిక స్తోమత మేరకు', మరోచోట 'పథకాలకు, ఉత్తర్వులకు లోబడి'.

బోరబండలో లిఫ్టు లేని మూడో అంతస్తు అద్దె ఇల్లు ఊహించుకోండి. సెరిబ్రల్ పాల్సీ (మెదడు లోపం వల్ల కదలికలు అదుపు తప్పే స్థితి) ఉన్న పన్నెండేళ్ల కొడుకు. ఫిజియోథెరపీకి వెళ్లాలంటే తల్లి వాణ్ని భుజాన వేసుకుని దిగాలి, కిరాణా కొట్టు ముందు కూర్చోబెట్టి వీల్‌చైర్ కోసం మళ్లీ ఎక్కాలి. అంతే వైకల్యమున్న పిల్లాడు మణికొండలో లిఫ్టు, ఆయా, కారు ఉన్న ఇంట్లో ఉన్నాడనుకుందాం. 2024 నిబంధనల ప్రకారం 80 శాతం, ఆపైన ఉంటే ఇద్దరికీ నీలం రంగు వైకల్య గుర్తింపు కార్డే. శాతం తేల్చే కొలమానాలూ అంతే. ఆటిజాన్ని కొలిచే ఐఎస్ఏఏ అనే స్కేలు మన సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఉన్న మేధో వైకల్యాల జాతీయ సంస్థలోనే తయారైంది. 40 అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 5 మార్కులు. ఆటిజాన్ని అది కొలుస్తుంది సరే, ఆ ఇంటిని కొలిచేదెవరు?

ఇంగ్లండ్‌లో 1989 చిల్డ్రన్ యాక్ట్ 17వ సెక్షన్ వైకల్యమున్న ప్రతి బిడ్డనూ 'అవసరంలో ఉన్న బిడ్డ'గానే లెక్కిస్తుంది. అక్కడా గొడవలు తక్కువేం కాదు. దీర్ఘరోగులు, వికలాంగుల కోసం 1970లో తెచ్చిన చట్టం ఒకటి, ఈ 1989 చట్టం ఒకటి, ఊరికో కొలమానం. ఆ చిక్కుముడి విప్పే పని చట్టాల సంస్కరణలు సూచించే అక్కడి లా కమిషన్ నెత్తిన పడింది. అయినా వాళ్ల పేచీ అవసరాన్ని ఎలా కొలవాలన్నదాని మీద. మనం ఇంకా ఆ గుమ్మం కూడా తొక్కలేదు.

అంకె లేకపోతే పైరవీలు, దొంగ సర్టిఫికెట్లు పెరుగుతాయని అధికారుల వాదన. అంకె ఉన్నప్పుడు దళారులు లేరా ఏమిటి? పర్సంటేజీ ఉండనీయండి. అది వచ్చాక ఇంటికొచ్చి, ఆ ఇంటికి ఎంత సాయం కావాలో రెండో లెక్క తీయమంటున్నాం, అంతే.

అసలు సంగతి వేరే ఉంది. అమ్మ చాకిరీ ఉచితమని సర్కారు ఎప్పుడో తీర్మానించుకుంది. 2019 జాతీయ సమయ వినియోగ సర్వేలో, ఇంట్లోవారి సంరక్షణ చూసేవారిలో మహిళలు రోజుకు సగటున 134 నిమిషాలు వెచ్చిస్తే మగవాళ్లు 76. వైకల్యమున్న బిడ్డ ఉన్న ఇంట్లో ఈ సగటు ఏ మూలకు? బిడ్డ కోసం ఆమె మానేసిన ఉద్యోగం ఏ ఖాతాలోనూ కనబడదు. కేరళ 'ఆశ్వాసకిరణం' పేరుతో సంరక్షకులకు నెలకు 600 రూపాయలు ఇస్తోంది. ముష్టి మొత్తమే, కానీ అది పనేనని ఒప్పుకుంది.

మన తెలంగాణలో 2023లో దివ్యాంగుల పింఛను నెలకు 4,016 రూపాయలైంది. ఎన్నికలు రాగానే దాని మీద వేలంపాట మొదలవుతుంది. 38వ సెక్షన్ కింద ఎన్ని దరఖాస్తులొచ్చాయి, బోర్డు ఎన్ని ఇళ్లకు వెళ్లింది, ఎందరు తల్లులకు భత్యం అందింది? వచ్చే అసెంబ్లీ సమావేశాల్లో ఏ పార్టీ ఎమ్మెల్యే అయినా సరే, ఈ మూడూ అడిగి లిఖితపూర్వక జవాబు రాబట్టాలి.