మాట రాని పిల్లల ట్యాబ్ బీరువాలో ఉండకూడదు

మాట రాని పిల్లవాడికి చెప్పుకోవడానికి ఏమీ ఉండదని అనుకుంటాం. కడుపులో నొప్పి వస్తే చెప్పలేడు, పక్కవాడు గిల్లినా చెప్పలేడు. తట్టుకోలేక తల గోడకేసి కొట్టుకుంటే మొండివాడని పేరు పెడతాం. ఆటిజం ఉండి మాటలు రాని ఇలాంటి పిల్లలకు, బొమ్మ మీద నొక్కితే ఆ మాట పలికే యాప్‌లు ఎప్పుడో వచ్చాయి. ఆవాజ్ చెన్నైలో తయారైంది, జెల్లో ఐఐటీ బాంబేలో. తెలుగులో పలికేవీ ఉన్నాయి. వరంగల్, ములుగు, మహబూబాబాద్ మండలాల్లో, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రాలకు వచ్చే ఇలాంటి ప్రతి బిడ్డకూ ఆ యాప్ ఉన్న ట్యాబ్ అందాలన్నది మా డిమాండ్.

ట్యాబ్ కొనివ్వగానే పని అయిపోదు. ‘నీళ్లు తాగుదామా’ అని అడుగుతూ టీచరే ముందు నీళ్ల బొమ్మ నొక్కి చూపించాలి. అన్నం దగ్గర, ఆటలో, బాత్రూమ్‌కు వెళ్లేటప్పుడు, నెలల తరబడి అలాగే చూపించాలి. అన్నిటికన్నా ముఖ్యం, పిల్లవాడు ‘వద్దు’ నొక్కితే ఆగాలి. వద్దన్నా ముద్ద నోట్లో కుక్కితే, వాడు మళ్లీ ఆ బటన్ ఎందుకు నొక్కుతాడు? చాలాచోట్ల ‘ఇది ఏ రంగు’ అని అడగడానికే ట్యాబ్ తీస్తారు. అది పరీక్ష పెట్టడమే అవుతుంది. యాప్‌లో పిజ్జా బొమ్మ ఉంటే మన పిల్లలకు ఏం లాభం? సర్వపిండి, మక్క గుడాలు, బతుకమ్మ, అమ్మమ్మ ఫొటో అందులోకి ఎక్కాలి. ఆ పని ఇంట్లోవాళ్లతో కూర్చుని చేయాలి.

ట్యాబ్‌కు అలవాటు పడితే ఇక మాటే రాదేమోనని తల్లులకు టెన్షన్. ఆ భయం అక్కర్లేదు. మాటకు తోడుగా బొమ్మలు, సైగలు వంటివి వాడిన, ఎదుగుదల లోపాలున్న వారిపై జరిగిన అధ్యయనాలను 2006లో పరిశోధకులు సమీక్షించారు. అందులో గట్టి ఆధారాలున్న 27 మందిలో ఏ ఒక్కరికీ మాట తగ్గలేదు. ఎక్కువమందికి కొద్దిగానైనా పెరిగింది. యూట్యూబ్ మాత్రం ఆ ట్యాబ్‌లో ఉండకూడదు. ఛార్జింగ్ అయిపోయినప్పటికి అవే బొమ్మలు అట్ట మీద అంటించి ఉంచాలి.

2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి. 40 శాతం, ఆపైన వైకల్యమున్న విద్యార్థులకు 18 ఏళ్లు వచ్చేదాకా తగిన సహాయక పరికరాలు ఉచితంగా ఇవ్వాలని దాని 17వ సెక్షన్ చెబుతోంది. కాబట్టి ఎవరినీ బతిమాలాల్సిన పని లేదు. ప్రభుత్వ పాఠశాల విద్యా పథకమైన సమగ్ర శిక్ష అధికారులు, భవిత కేంద్రాల్లో ఈ పిల్లలకు నేర్పే రిసోర్స్ పర్సన్లకు ముందుగా శిక్షణ ఇవ్వాలి, ఆ శిక్షణలో తల్లిదండ్రులనూ కూర్చోబెట్టాలి. ట్యాబ్ సాయంత్రం బిడ్డతోపాటు ఇంటికి వెళ్లాలి, వేసవి సెలవుల్లోనూ అక్కడే ఉండాలి. కింద పడి పగిలితే కూలికి పోయే తల్లి దగ్గర డబ్బు వసూలు చేయబోమని అధికారులు ముందే రాసివ్వాలి. లేకపోతే ఆ భయానికే ట్యాబ్ బీరువాలోకి చేరుతుంది.