పేరు ఆమెది, సంతకం ఆయనదా?

తిరుపతి కోర్టు దగ్గర నోటరీ బల్లల మీద ఒక రకం కాగితం తరచూ కనబడుతుంది. ‘ఈ ఇంటిపేరున్న మనిషినీ, ఆ ఇంటిపేరున్న మనిషినీ నేనొక్కదాన్నే’ అని స్టాంపు పేపరు మీద ఓ ఆడమనిషి ఇచ్చే ప్రమాణం. టెన్త్ మెమోలో పుట్టింటి పేరు, ఆధార్‌లో అత్తింటిది. విడాకుల డిక్రీ చేతికొస్తే అందులోనూ అత్తింటి పేరే. విడిపోయారని కోర్టు తేల్చింది. విడిపోయింది తనేనని ఆమె మళ్లీ రుజువు చేసుకోవాలి!

పెళ్లయితే ఇంటిపేరు మార్చుకోవాలని 1955 నాటి హిందూ వివాహ చట్టంలో ఎక్కడా లేదు. అయినా మార్చుకుంటుంటే ఎందుకని అడిగే నాథుడుండడు. వెనక్కి తెచ్చుకోబోతేనే అందరికీ అనుమానాలు. కేంద్ర ప్రభుత్వ అధికారిక పత్రిక గెజిట్‌లో పుట్టింటి పేరుకు మారాలంటే విడాకుల డిక్రీ గానీ, భర్త ఇచ్చే ఎన్‌వోసీ (అభ్యంతరం లేదన్న పత్రం) గానీ తెమ్మన్నారు. దీన్ని సవాలు చేస్తూ 2024లో ఒక మహిళ ఢిల్లీ హైకోర్టుకెక్కారు. అంటే ఏళ్లతరబడి విడాకుల కేసు నడుస్తుంటే, ఎవరి మీద కేసో అతని గడపే తొక్కి సంతకం అడుక్కోవాలన్నమాట. భరణం తగ్గించుకోమని బేరమాడటానికి ఆయనకింకేం కావాలి? న్యూమరాలజీ పిచ్చితో పేరులో రెండక్షరాలు పెంచుకునే మగవాణ్ని భార్య సంతకం తెమ్మని ఎవరైనా అడిగారా?

ఇష్టమొచ్చినట్టు మార్చనిస్తే అప్పులెగ్గొట్టేవాళ్లు తప్పించుకుంటారన్నది అవతలివాళ్ల వాదన. పేరు మారినా పాన్ నంబరు మారదు, ఆధార్ పన్నెండంకెలూ మారవు. ఇక తప్పించుకునేదెక్కడ?

ఆధార్‌లో పేరు మార్పుకు మామూలుగా రెండే అవకాశాలు. పెళ్లికొకటి, విడాకులకొకటి. మధ్యలో స్పెల్లింగ్ దిద్దించుకుని ఉంటే ఆ రెండోదీ పోయినట్టే. మూడొందల రూపాయల దర్శనం టికెట్‌కూ ఆధార్ చూపించే ఊళ్లో ఇది చిన్న ఇబ్బంది కాదు. పాస్‌పోర్టు నిబంధనలు కొంత నయం: విడాకులైనవాళ్లు భర్త పేరు రాయనక్కర్లేదని, డిక్రీ కూడా అడగబోమని 2016 డిసెంబరులోనే విదేశాంగ శాఖ ప్రకటించింది.

నన్నడిగితే అసలు జబ్బు ఉన్నది దరఖాస్తులో మన పేరుకు కిందుండే గడిలో: ‘తండ్రి/భర్త పేరు’. మహిళలకంటూ 1983లోనే విశ్వవిద్యాలయం పెట్టుకున్న ఊరు మనది. అక్కడ పీజీ చేసి, ఉద్యోగం చేసి, పన్ను కడుతున్న నలభై ఏళ్ల మనిషినీ దరఖాస్తు అడిగేది ‘ఎవరి తాలూకు’ అనే. పుట్టింటి పేరు మాత్రం నాన్నది కాదా అని దెప్పేవాళ్లుంటారు. కావచ్చు, కానీ ఆమె చదువు, ఉద్యోగం అన్నీ ఆ పేరుతోనే వచ్చాయి. ఏ పేరు ఉంచుకోవాలో ఆమె చెబితే చాలు. అది డిక్రీలోనే ఒక వాక్యంగా చేర్చాలి, సచివాలయాలు, బ్యాంకులు దాన్నే ప్రమాణంగా తీసుకోవాలి. డిక్రీ రాకముందు ఆమె సొంత డిక్లరేషన్ సరిపోవాలి. ఆ గడిని మాత్రం దరఖాస్తుల్లోంచి పూర్తిగా కొట్టేయాలి.