చెరువు గట్టు మీద కొత్త కాపురాలు

మా ఊళ్ళో అర్ధరాత్రి మెలకువగా ఉండేవాళ్ళలో చాలామందికి తెలుగు సరిగ్గా రాదు. సంక్రాంతికి వెళ్ళినప్పుడు గమనించిన సంగతి ఇది. భీమవరం నుంచి మొగల్తూరు వైపు వెళ్ళే దారిలో, సముద్రానికి కాస్త ఎడంగా ఉంటుంది మా ఊరు. ఒకప్పుడు రెండు పంటలు పండిన చేలన్నీ ఇప్పుడు రొయ్యల చెరువులు. రాత్రి తొమ్మిది దాటితే ఊళ్ళో దీపాలు ఒక్కొక్కటే ఆరిపోతాయి, చెరువుల మీద మాత్రం వెలుగుతూనే ఉంటాయి. నీళ్ళలోకి గాలి ఎక్కించే ఏరియేటర్ల మోత తెల్లవార్లూ ఆగదు. ఆ మోత పక్కనే, గట్టు మీద రేకుల పాకలో, ఒడిశా నుంచి వచ్చిన భార్యాభర్తలు. అవతలి చెరువు మీద ముగ్గురు బెంగాల్ కుర్రాళ్ళు. ఆ పై చెరువు మీద శ్రీకాకుళం వాళ్ళు.

పండగ మూడు రోజులూ రామాలయం అరుగు మీద ఒకటే మాట. "ఊరు మారిపోయిందండీ, ఎటు చూసినా హిందీవాళ్ళే." ఒడియా అయినా బెంగాలీ అయినా మావాళ్ళ లెక్కలో హిందీయే. నాతో ఈ మాట అన్న పెద్దాయన కొడుకు హైదరాబాద్ బాచుపల్లిలో ఉంటాడు, కూతురు డల్లాస్‌లో. నేను కూకట్‌పల్లిలో. మా రెండు కుటుంబాల పొలాలూ లీజులోనే ఉన్నాయి. ఏడాదికోసారి లీజు డబ్బు ఫోన్లోకి వచ్చి పడుతుంది. సొంత పొలం గట్టు తొక్కి ఎన్నేళ్ళయిందో నాకే గుర్తులేదు. ఊరిని మార్చిందెవరండీ అని అడగాలనిపించింది గానీ పండగ పూట ఎందుకులే అని ఊరుకున్నాను.

అప్పుడు మింగేసిన మాట ఇక్కడ రాస్తున్నాను. కొత్తవాళ్ళ రాకతో కోస్తా ఊళ్ళు మారిపోతున్నాయని అందరూ అంటున్నారు. కానీ జరిగిన వరస వేరు. ముందు పని మారింది. తర్వాత ఊరివాళ్ళు వెళ్ళిపోయారు. ఆ తర్వాతే వీళ్ళొచ్చారు.

ఎకరం వరి వెయ్యాలంటే ఊడ్పులు, కలుపు, కోత, కుప్ప, నూర్పు. యంత్రాలు రాకముందు ప్రతి పనికీ ఒక గుంపు మనుషులు దిగాల్సిందే, అందులో ఎక్కువమంది పేటల్లోని ఆడకూలీలు. 1990ల మొదట్లో టైగర్ రొయ్య వచ్చింది. 1994-95లో తెల్లమచ్చ వైరస్ తగిలి చాలామందిని ముంచేసింది. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరం వెంబడి రొయ్యల చెరువుల మీద గట్టి తీర్పే ఇచ్చింది. 2005లో కేంద్రం ప్రత్యేక చట్టం చేసి, కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీని పెట్టి మళ్ళీ దారి తెరిచింది. 2009లో వనామీ అనే విదేశీ రకం రొయ్యకి అనుమతి వచ్చాక ఇక ఆపినవాళ్ళు లేరు. చెరువుకి కూలీల గుంపుతో పనిలేదు. తవ్వడానికి పొక్లెయిన్ వస్తుంది, తవ్వాక ఒక కాపలా కుటుంబం చాలు, పట్టుబడి రోజున వలలు పట్టుకుని ఒక బ్యాచ్ వచ్చి సాయంత్రానికి వెళ్ళిపోతుంది. చేలో పని పోయిన ఆడవాళ్ళు చాలామంది ఏజెంట్లకు డబ్బు కట్టి కువైట్, మస్కట్ వెళ్ళారు. మగవాళ్ళు తాపీ పనికో డ్రైవింగ్‌కో హైదరాబాద్ వచ్చారు. పొలమున్న మాలాంటివాళ్ళం చదువుల పేరుతో అంతకుముందే బస్సెక్కేశాం.

"మనోళ్ళకి బద్ధకం పెరిగిపోయింది, అందుకే బయటోళ్ళని తేవాల్సొస్తంది" అని చెరువుల రైతులు అంటుంటారు. కువైట్‌లో పొద్దున్నించి రాత్రిదాకా పరాయి ఇంట్లో చాకిరీ చేసే మనిషిది బద్ధకమా? మావాళ్ళు వద్దనుకున్నది కష్టాన్ని కాదు, ఈ ఉద్యోగం షరతుల్ని.

ఆ షరతులేమిటో కనుమ రోజు రాత్రి కాస్త దగ్గర్నుంచి చూశాను. మా పొలం లీజుకు చేస్తున్నది మా చిన్నాన్న కొడుకే. వాడితో పాటు చెరువు మీదికి వెళ్ళాను. పాకలో ఒక మంచం, మేత బస్తాల దొంతర, గోడకి ఏరియేటర్ల స్టార్టర్లు, వాటి కిందే గ్యాస్ స్టవ్. నీళ్ళల్లో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారుజామునే, అందుకని మూడింటి నుంచి ఐదింటి మధ్య ఆ మనిషి కన్ను మూతపడకూడదు. కరెంటు పోతే పరుగున జనరేటర్ వెయ్యాలి. ఆలస్యమైతే రొయ్య నీటి పైకి తేలుతుంది, లక్షల పంట పోతుంది. తెల్లారాక మేత చల్లాలి. కాసేపాగి ట్రే పైకి లాగి మేత మిగిలిందా తినేసిందా చూడాలి, రొయ్య పేగు నిండిందా లేదా వెలుతురుకి పెట్టి చూడాలి. ఇవన్నీ ఆయనా ఆవిడా వంతులు వేసుకుని చేస్తున్నారు. నేనున్న గంటన్నరలో ట్రే లాగింది ఆవిడే. లాగి, తడి చెయ్యి చీర కొంగుకి తుడుచుకుని, మా తమ్ముడికి వేళ్ళతో లెక్క చూపించింది. ఎనభై కౌంట్‌కి వచ్చిందని. అంటే కిలోకి ఎనభై రొయ్యలు తూగుతున్నాయన్నమాట. చదువు లేదంటారు గానీ చెరువు లెక్క మొత్తం ఆవిడ వేళ్ళ మీదే ఉంది.

వాళ్ళకి ఆరేడేళ్ళ కూతురు. "మీరు హైదరాబాదు నుంచొచ్చారాండీ?" అని అడిగింది. అవునన్నాను. "ఆయ్" అంది, అచ్చం మా మేనత్త అన్నట్టు. నా కూతురికి ఆ ఆయ్ రాదు, నేర్పబోతే నవ్వుతుంది. గోదావరి యాస పోతోందని బాధపడేవాళ్ళు ఒకసారి చెరువు గట్లెక్కి చూడాలి.

జీతం ఎంతని అడిగితే మా తమ్ముడు ఒక అంకె చెప్పాడు. ఒక్కరికా అంటే కాదు, జంటకి. మా చుట్టుపక్కల చెరువులన్నిటి మీదా అదే వాడుక. పుస్తకంలో మగాడి పేరు రాసుకుంటారు. ఆవిడ "ఎలాగూ ఇక్కడే ఉంటుంది కదా" అని. ఇద్దరి పని, ఇరవై నాలుగ్గంటల కాపలా, ఒక్క జీతం. ఊళ్ళో కాపురమున్న మనిషి, సాయంత్రానికి ఇంటికెళ్ళాల్సిన మనిషి దీనికి ఒప్పుకోడు. ఇల్లు వెయ్యి కిలోమీటర్ల అవతలుంటేనే కుదిరే ఉద్యోగం ఇది. ఊళ్ళో ఇల్లు లేకపోవడమే ఇక్కడ అర్హత.

చట్టం ఉంది కదా అనొచ్చు. ఉంది. ఒడిశాలో కూలీల్ని మేస్త్రీలు అడ్వాన్సులిచ్చి బయటి రాష్ట్రాలకు తోలుకుపోయే 'దాదన్' పద్ధతి మీద అక్కడ 1975లో ఒక చట్టం వచ్చింది. దాని వెనకే 1979లో కేంద్రం అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం చేసింది. ఐదుగురు, అంతకుమించి వలస కార్మికులుంటే అది వర్తించేది. 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన కొత్త లేబర్ కోడ్‌లో ఆ గీతని పది మందికి జరిపారు. చెరువుకో జంట ఐదులోకీ రాదు, పదిలోకీ రాదు. ఊరి చుట్టూ యాభై చెరువులుంటే కాపలాకే వంద మంది తేలతారు, కానీ చట్టం కంటికి ఏ గట్టు మీదా ఇద్దరు ముగ్గురికి మించి ఎవరూ లేరు. రేషన్ వరకైతే కొంత మేలు జరిగింది. ఒక రాష్ట్రం కార్డు మీద ఇంకో రాష్ట్రంలో బియ్యం తీసుకునే పద్ధతిని 2019 ఆగస్టులో మొదట మొదలుపెట్టిన జతల్లో ఆంధ్ర, తెలంగాణ ఒకటి. తర్వాత అది దేశమంతటికీ వచ్చింది.

ఊరివాళ్ళ ఫిర్యాదుల్ని కొట్టిపారేయను. మేస్త్రీ ఒక రేటుకి గుంపుని దింపితే అక్కడే ఉన్న కూలీ తన రేటు పెంచమని గట్టిగా అడగలేడు. నిజమే. కానీ రేటు తగ్గించింది వచ్చినవాడా, తెప్పించినవాడా? 1930 మేలో రంగూన్ రేవులో సరిగ్గా ఈ గొడవే జరిగింది, అప్పుడు వలస వెళ్ళినవాళ్ళం మనం. తెలుగు కూలీలు జీతం కోసం సమ్మె చేస్తే వాళ్ళ స్థానంలో బర్మావాళ్ళని పెట్టుకున్నారు. సమ్మె తీరగానే తెలుగువాళ్ళని మళ్ళీ పిలిచి, బర్మావాళ్ళని పొమ్మన్నారు. రెండు వర్గాల పేదలూ వీధుల్లో కొట్టుకు చచ్చారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీద అక్కడ మనవాళ్ళని 'కోరంగీలు' అనేవాళ్ళు. ఊరి పేరే చిన్నచూపు మాట అయిపోయింది. అప్పుడూ మేస్త్రీయే, అప్పుడూ అడ్వాన్సే. మా ముత్తాత తరంలో 'రంగం', అంటే రంగూన్, వెళ్ళొచ్చిన మనిషంటే ఊళ్ళో ఒక హోదా. రంగంలో ఆ మనిషికి ఏ హోదా ఉండేదో ఎవరూ అడగలేదు.

అంత వెనక్కి ఎందుకు, శ్రీకాకుళం చూడండి. 193 కిలోమీటర్ల తీరమున్న జిల్లా. పెద్ద పడవలు ఆగే హార్బరు లేక అక్కడి మత్స్యకారులు ఏటా వేల మంది గుజరాత్‌లోని వేరావల్ వెళ్ళి అక్కడి బోట్ల మీద కూలికి వేటాడతారు. 2018 నవంబరులో అలా వెళ్ళిన ఉత్తరాంధ్ర వాళ్ళు కొందరు పాకిస్తాన్‌కి చిక్కి, ఏడాదికి పైగా కరాచీ జైల్లో ఉండి, 2020 జనవరిలో వాఘా దాటి వచ్చారు. ఇక్కడి సముద్రం మీద బతకాల్సినవాడు అరేబియా సముద్రంలో, ఒడిశా పొలంలో ఉండాల్సినవాడు మా ఊరి చెరువు మీద. వేరావల్‌లో మనవాళ్ళ గురించి అక్కడి అరుగుల మీద ఏమనుకుంటారో ఊహించడం కష్టమేం కాదు.

హైదరాబాద్‌లో ఉన్న కోస్తావాళ్ళకి ఇంకో సంగతి విడిగా చెప్పాలా? 'సెటిలర్' అనే మాట ఎలా గుచ్చుకుంటుందో కూకట్‌పల్లిలో, వనస్థలిపురంలో, ఎల్బీనగర్‌లో ఉన్నవాళ్ళకి తెలుసు. నిజాంసాగర్ కింద పొలాలు కొనుక్కుని బోధన్, బాన్సువాడ వైపు 'క్యాంపు'లు కట్టుకున్నవాళ్ళకి ఇంకా ముందే తెలుసు. ఇక్కడివాళ్ళ కోపానికి కారణాలున్నాయి. 1952 ముల్కీ ఉద్యమం, 1969 తెలంగాణ ఉద్యమం, స్థానికేతర ఉద్యోగుల్ని వెనక్కి పంపమన్న 610 జీవో అన్నీ ఉద్యోగాల లెక్కలతో మొదలైనవే. వాటిని తేలిగ్గా తీసుకోవడం నా ఉద్దేశం కాదు. కానీ ఒక తేడా ఉంది. మేం ఇక్కడికి పొలం అమ్మిన డబ్బుతో, డిగ్రీలతో వచ్చాం. ఫ్లాట్లు కొన్నాం, ఓట్లు నమోదు చేయించుకున్నాం. ఎన్నికలొస్తే ప్రతి పార్టీ మా కాలనీలకి వస్తుంది. మా ఊరి చెరువు మీద ఉన్న జంట ఓటు ఒడిశాలో ఉంది, ఎన్నికల రోజు వాళ్ళు గట్టు వదిలి వెళ్ళలేరు. సర్పంచి వాళ్ళ పాక దాకా వెళ్ళాల్సిన అవసరం ఎప్పటికీ రాదు.

వాళ్ళు లేకపోతే ఏమవుతుందో ఒకసారి చూశాం కూడా. 2020 మే 1న లాక్‌డౌన్‌లో దేశంలోనే మొదటి శ్రామిక్ రైలు మా ఇంటికి కొద్ది దూరంలోని లింగంపల్లి స్టేషన్ నుంచే కదిలింది, దాదాపు 1,200 మందితో జార్ఖండ్‌లోని హటియాకి. అందరం అయ్యో పాపం అనుకున్నాం. వారం తిరిగేసరికి అదే స్టేషన్‌లో బీహార్ నుంచి ఇంకో రైలు ఆగింది. రైస్ మిల్లుల్లో బస్తాలు మొయ్యడానికి హమాలీలు లేక రెండు వందల మందికి పైగా పిలిపించుకున్నారు. ఊరంతా ఇళ్ళల్లో దాక్కున్న రోజుల్లో.

2025 ఆగస్టులో అమెరికా సుంకాలు 50 శాతానికి చేరినప్పుడు రొయ్య ధర పడిపోయి రైతులు టెన్షన్ పడ్డారు. టీవీల్లో చర్చలన్నీ రైతుల మీద, ఎగుమతుల మీదే జరిగాయి. న్యాయమే. అయితే మా ఊళ్ళో ఆ దెబ్బ మొదట తగిలింది పాకలకి. "పట్టుబడి అయ్యాక చూద్దాం" అని మూడు నెలల జీతం ఆగిన కుటుంబాలున్నాయి. లీజు డబ్బు మాత్రం నాకు చెప్పిన తేదీకే వచ్చింది. ఈ గొలుసులో నష్టం రానిది నాకొక్కడికే.

బడి సంగతి కూడా చెప్పాలి. మా ఊరి ప్రాథమిక పాఠశాల పిల్లలు లేక మూతపడేలా ఉంది, ఊరి పిల్లలంతా ప్రైవేటు బస్సులెక్కుతున్నారు. అక్కడి టీచరమ్మ తానే స్కూటీ మీద చెరువు గట్లు తిరిగి ఆరుగురు పిల్లల్ని చేర్పించారట. అందులో మా పాక పిల్ల ఒకతి. పంట మధ్యలో వాళ్ళ నాన్న ఇంకో చెరువుకి మారితే పేరు కొట్టెయ్యాల్సి వస్తుందని ఆవిడ భయం.

హైదరాబాద్ వచ్చేశాక, లీజు తిరగరాసుకునే వేళ మా తమ్ముడికి ఫోన్ చేశాను. ఈసారి కాగితంలో రెండు మాటలు కలుపుదాం అన్నాను. ఆవిడకి వేరే జీతం, పాకకి ఒక బాత్రూం. కావాలంటే లీజులో కొంత తగ్గించుకుంటానన్నాను. కాసేపు అటునుంచి ఏరియేటర్ల మోతే వినబడింది.

"తగ్గిస్తానంటే నాకేంటి అన్నయ్యా, కట్టిస్తాను," అన్నాడు చివరికి. "గానీ ఒకటడుగుతాను, ఏమీ అనుకోకండి. మీ అపార్ట్‌మెంటు కింద వాచ్‌మన్ ఉన్నాడు కదా. వాళ్ళావిడ పొద్దున్నే అయిదంతస్తులూ ఊడుస్తది, నేనొచ్చినప్పుడు చూశాను. ఆవిడకి వేరేగా ఇస్తన్నారా?"

ఆ ఆదివారం అసోసియేషన్ మీటింగ్‌లో ఈ ముక్క ఎత్తాను. "రూమిచ్చాం కదండీ, కరెంటు కూడా మనదే," అన్నారు సెక్రటరీ గారు, లిఫ్ట్ మెయింటెనెన్స్ కాగితాలు తీస్తూ.