ఫొటో మీద మన పేరు సరే, ఫొటోలో ఉన్నవాళ్ల పేరేది?

ఆదివారం వస్తే తెల్లవారకముందే హైదరాబాద్ నుంచి వికారాబాద్ దారి పట్టే కార్లు, బైకులు చాలానే కనిపిస్తాయి. అనంతగిరి గుట్టల మీద మంచు, చేవెళ్ల చుట్టుపక్కల కూరగాయల తోటలు, తిరిగొచ్చేటప్పుడు రోడ్డు దాటుతున్న గొర్రెల మంద. సాయంత్రానికల్లా ఇవన్నీ ఇన్‌స్టాగ్రామ్‌లో ఉంటాయి. చాలా ఏళ్లుగా నేనూ ఇదే పని చేస్తున్నాను. పైసా రాకపోయినా ఎండలో గంటలు నిలబడి ఫొటోలు తీసేవాళ్లంటే నాకు గౌరవం. అందుకే మనవాళ్లలో మనం మాట్లాడుకోవాల్సిన మాట ఒకటుంది. ఫొటో మూలన మన పేరు వాటర్‌మార్క్‌గా వేసుకుంటాం. ఫొటోలో ఉన్న మనిషి పేరు మాత్రం ఎక్కడా రాయం. ముడతల ముఖంతో నవ్వే అవ్వ కింద ‘పల్లె అందం’ అని, నాగలి పట్టిన మనిషి కింద ‘అన్నదాత’ అని పెట్టి వదిలేస్తాం.

పక్షుల విషయంలో మనం ఇలా చేయం. 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించిన అమీన్‌పూర్ చెరువు దగ్గర పక్షుల ఫొటోలు తీసేవాళ్లను చూడండి. ఏ జాతి, ఏ తేదీ, ఎన్ని కనిపించాయి, అన్నీ పక్షుల లెక్కలు నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో రాసిపెడతారు. ఆ వివరాలే రేపు పరిశోధనకు పనికొస్తాయి. అదే చేత్తో, ఏ చెరువు గట్టునైనా వల విసిరే మనిషిని ఫొటో తీస్తే, దాని కింద ఊరి పేరు కూడా ఉండదు. కొంగకు ఇచ్చిన విలువ మనిషికి ఇవ్వకపోవడం నాకు బాధగా ఉంటుంది.

మా నాన్న దగ్గర ఆగ్ఫా క్లిక్ త్రీ కెమెరా ఉండేది. రోల్‌కు 12 ఫొటోలే. ప్రతి ప్రింట్ వెనక నీలం సిరాతో ఊరు, పండగ, సంవత్సరం, ఎవరి పక్కన ఎవరున్నారో రాసేవాడు. ఫోకస్ కుదరని ఫొటోలే ఎక్కువ. అయినా మా ఇంట్లో ఇప్పటికీ అందరూ వాటి చుట్టూనే చేరతారు, ఎందుకంటే వాటి వెనక రాత ఉంది. నా హార్డ్ డిస్క్‌లో వేల ఫొటోలున్నాయి. ఎన్నిటికి ఊరి పేరు చెప్పగలనో లెక్కపెట్టాలంటే భయమేస్తుంది.

పేరంటే మనిషి పేరొక్కటే కాదు, పనిముట్ల పేర్లు కూడా. తాడిచెట్టు ఎక్కే గీత కార్మికుడి ఫొటో అందరం తీస్తాం. ఆయన్ని చెట్టుకు పట్టి ఉంచే తాడు మోకు, నడుముకు కట్టుకునేది ముస్తాదు అని ఎంతమంది అడిగి రాసుకున్నాం? నాగలి, గొర్రు, గుంటుక చూడటానికి దగ్గరగా ఉంటాయి, కానీ మూడింటి పనులు వేరు. కోత మెషిన్ వచ్చాక వరి కల్లాలు తగ్గిపోయాయి. చేటతో తూర్పారబట్టడం ఈ తరం పిల్లల్లో చాలామంది చూడలేదు. ఇవాళ తీసిన ఫొటోను ఇరవై ఏళ్ల తర్వాత చూసే పిల్లకు ఆ వస్తువు ఏమిటో, దేనికి వాడేవాళ్లో ఎవరు చెప్పాలి? వెలుతురు ఎంత బాగా పడినా ఆ సంగతి చెప్పలేదు కదా.

హైదరాబాద్ నగరానికి ఫొటోగ్రఫీ కొత్తదేమీ కాదు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్ దయాళ్ 1886లో సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టారు. ఆయన ఫొటోల్లో చాలావాటి మీద నంబరు, శీర్షిక ఉంటాయి కాబట్టి ఏది ఏ భవనమో, ఎవరు ఎవరో ఇప్పటికీ తెలుస్తుంది. పక్కన నిలబడ్డ పనివాళ్లు మాత్రం పేరు లేకుండానే మిగిలిపోయారు. 2022లో కన్నుమూసిన తెలంగాణ ఫొటోగ్రాఫర్ భరత్ భూషణ్ పల్లె ఇళ్ల తలుపులు, మట్టిగోడలు, బతుకమ్మ ఆడే ఆడవాళ్ల ఫొటోలు ఏళ్ల తరబడి తీశారు. అంత ఓపిక మనకు లేకపోవచ్చు. తిరిగిన ఊరి పేరు రాయడానికి మాత్రం మనకున్న ఓపిక చాలు.

ఫోన్లో తేదీ, లొకేషన్ ఎలాగూ ఉంటాయిగా అనేవాళ్లున్నారు. మామూలుగా వాట్సాప్‌లో ఫొటో పంపితే సైజు తగ్గడమే కాదు, ఆ వివరాలూ పోతాయి. గూగుల్ ఫొటోస్‌లో లెక్కలేకుండా ఉచితంగా దాచుకునే వీలు 2021 జూన్ 1తో ఆగిపోయింది. ఉచితంగా ఇచ్చే 15 జీబీ నిండగానే మనం ముందు చెరిపేసేది ఎవరివో గుర్తులేని ముఖాలనే.

అయితే పేర్లన్నీ ఆన్‌లైన్‌లో పెట్టాలని నేను అనడం లేదు. పొలంలో పనిచేసే ఆడవాళ్ల ఫొటోకు పేరు, ఊరు తగిలించి అందరికీ చూపించడం వాళ్లకు ఇబ్బంది కావచ్చు. పిల్లల విషయంలో అసలే వద్దు. మన దగ్గర రాసి ఉంచుకుందాం. బయట పెట్టేముందు అడుగుదాం. ఒక ప్రింట్ తీసి వాళ్లకు చేర్చుదాం. దానికయ్యేది చాయ్ ఖర్చే.

నాలుగేళ్ల కింద తాండూరు వైపు ఒక చేనులో కలుపు తీస్తున్న అవ్వను “ఫొటో తీయొచ్చా అవ్వా?” అని అడిగాను. “తియ్యి బిడ్డా, నాకొకటి పంపు” అంది. నేను పంపలేదు. పోయిన దసరా ముందు ప్రింట్ తీసి, వెనక ‘కంది చేనులో కలుపు తీస్తున్న అవ్వ’ అని రాసి తీసుకెళ్లాను. అవ్వ లేదు. కొడుకు ప్రింట్ చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. తర్వాత వెనక్కి తిప్పి చదివి, “ఇది కంది చేను కాదు సార్, పత్తి. ఆ యేడు మధ్యల కంది సాళ్లు పెట్టినం” అన్నాడు. నా పెన్ను అడిగి తీసుకుని, కంది అన్న మాట కొట్టేసి పత్తి అని రాశాడు. అవ్వ అన్నదాని పక్కన వాళ్లమ్మ పేరు, ఇంటిపేరు కూడా రాశాడు.