ఏ మందో చెప్పకుండా సగం చేయమంటే ఎలా?
"పెద్దవాళ్లకి కిడ్నీ కాస్త తగ్గితే రక్తం పలచబరిచే మాత్ర సగం చేయాలి" అని మీ వ్యాసంలో ఒక్క ముక్కలో తేల్చేశారు. అన్ని మందులకీ అది కుదరదండీ. గుండె లయ తప్పి మా అమ్మ వాడే ఎపిక్సాబాన్‌కి లెక్క వేరు. వయసు 80 లేదా పైన, బరువు 60 కిలోలు లేదా లోపు, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చూపే రక్తపరీక్ష) 1.5 లేదా పైన. ఈ మూడింట్లో రెండుంటేనే పూటకి 5 మి.గ్రా. బదులు 2.5.

అమ్మకి 81, క్రియాటినిన్ 1.3. మా ఊళ్లో ఒక డాక్టరు గారు "ముసలావిడ కదా" అని 2.5 చేసేశారు. బ్లీడింగ్ టెన్షన్ తగ్గిందని మేమూ హమ్మయ్య అనుకున్నాం. తర్వాత కార్డియాలజిస్టు చెప్పులు విప్పించి బరువు చూస్తే 64! డోసు చాలకపోతే గడ్డ కట్టి పక్షవాతం రావచ్చని మళ్లీ 5కి మార్చారు. నిరుడు జ్వరాలతో చిక్కి 58కి దిగింది, అప్పుడు ఆయనే 2.5 రాశారు. ఇప్పుడు మాత్రల డబ్బా మూత మీద బరువు, క్రియాటినిన్ తేదీ వేసి అంటిస్తున్నాను.

రక్తం పలచబరిచే ఇంకో మందు డాబిగాట్రాన్ అయితే ఎక్కువ భాగం కిడ్నీ ద్వారానే బయటికి పోతుంది, అక్కడ మీ మాట కొంత నిజం. మందు పేరైనా రాయాల్సింది.