కిట్ల కన్నా పరీక్షల సంగతి రాయాల్సింది

పిల్లల్ని బడికి పంపకుండా ఇంటి దగ్గరే చదివించాలంటే బడిలాగే గంట గంటకీ పీరియడ్లు వేసుకోవాలని, వేలు పోసి పాఠాల కిట్లు కొనాలని ఇంటి చదువుల మీద వచ్చిన వ్యాసంలో రాసినదానితో నేను ఒప్పుకోలేను. మాది కోనసీమ, మా పాపని ఇంట్లోనే చదివిస్తున్నాం. పొద్దున్న టిఫిన్ అయ్యాక తెలుగు, లెక్కలు, అంతవరకే పట్టుబట్టి కూర్చోబెడతాం. మిగతాదంతా ఆ రోజు పనిని బట్టి. కొబ్బరి దింపు తీయించిన రోజు లెక్కల పుస్తకం తెరవం. కాయలు పోగులు పెట్టి, ఒక్కో చెట్టుకి ఎన్ని వచ్చాయో నోట్‌బుక్‌లో గీతలు గీసుకుంటుంది. వెయ్యి కాయల ధర చెబితే మన కాయలకి ఎంత వస్తుందో తనే లెక్క కడుతుంది. సున్నాల దగ్గర ఇంకా తడబడుతుంది గానీ పెన్సిల్ మాత్రం మన చేతికివ్వదు. ధవళేశ్వరం బ్యారేజీ, అక్కడి కాటన్ మ్యూజియం చూపించాక మన పంట కాలువలోకి నీళ్లు ఎక్కడినుంచి వస్తాయో బొమ్మ గీసి మరీ చెప్పింది. ఏ కిట్టు నేర్పుతుందండీ ఇది? బడి పుస్తకాలు తయారుచేసే రాష్ట్ర ప్రభుత్వ సంస్థ ఎస్‌సీఈఆర్‌టీ పాఠ్యపుస్తకాలు నెట్‌లో ఉచితంగానే దొరుకుతాయి, కేంద్ర ప్రభుత్వ దీక్ష యాప్‌లో పాఠాల వీడియోలూ ఉన్నాయి. వ్యాసంలో అసలు రాయాల్సింది పరీక్షల గురించి. బడికి పంపకపోతే పదో తరగతి సర్టిఫికెట్ ఎలా వస్తుందన్నదే మా ఇంట్లో పెద్దవాళ్ల టెన్షన్ అంతా. కేంద్ర ప్రభుత్వ ఓపెన్ స్కూల్ అయిన ఎన్‌ఐఓఎస్‌లో 14 ఏళ్లు నిండితే పదో తరగతితో సమానమైన సెకండరీకి చేరొచ్చు, తెలుగు మీడియంలోనూ పరీక్ష రాయొచ్చు. ఈ ఒక్క ముక్క ముందే తెలిస్తే చాలామంది తల్లిదండ్రులకి సగం భయం పోతుంది.